ఎర్రర్ చూపించిన పోర్టే దొంగ కాదు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పోర్టు ఎర్రర్ల గురించే. సర్వర్లను స్టోరేజ్‌తో కలిపే బ్రోకేడ్ స్విచ్ మీద పోర్ట్‌ఎర్‌షో అనే కమాండ్ కొట్టగానే, ఏ పోర్టులో ఎన్ని తప్పులో చూపిస్తూ వచ్చే ఆ వెడల్పాటి పట్టిక చూసి టెన్షన్ పడేవాళ్లు ఇంతమంది ఉన్నారన్నమాట. జోనింగ్ గురించి, రెప్లికేషన్ గురించి అడిగినవాళ్లు ఈసారికి ఓపిక పట్టాలి.

ప్రశ్న: మేడమ్ గారూ, మా దగ్గర రెండు బ్రోకేడ్ స్విచ్‌లు ఒక ఐఎస్ఎల్‌తో (రెండు స్విచ్‌లను కలిపే లింకు) కలిసి ఉన్నాయి. అన్నీ 8జీ (8 గిగాబిట్ తరగతి) పోర్టులే. సర్వర్లు మొదటి స్విచ్ మీద, స్టోరేజ్‌లో ఎక్కువ భాగం రెండో స్విచ్ మీద. రెండో స్విచ్‌లో ఐఎస్ఎల్ పోర్టు 0 మీద సీఆర్‌సీ ఎర్రర్లు (డేటా మోసే ఫ్రేము దారిలో చెడిందని చూపేవి) పెరుగుతున్నాయి. కేబుల్ మార్చాం, రెండు వైపులా వెలుగు పంపి అందుకునే ఎస్ఎఫ్‌పీలు మార్చాం, మళ్లీ ఇంకో కొత్త కేబుల్ వేశాం. తగ్గలేదు. స్టోరేజ్ వెండర్ ‘మా బాక్స్ బాగానే ఉంది, స్విచ్ చూసుకోండి’ అంటున్నాడు. మొదటి స్విచ్‌లో పోర్టు 17 మీద కూడా కొన్ని ఎర్రర్లు ఉన్నాయి గానీ, ఆ సర్వర్ వాళ్లెవరూ కంప్లయింట్ చేయలేదు. పట్టిక జత చేశాను. — నైట్ షిఫ్ట్ అడ్మిన్, గచ్చిబౌలి

జవాబు: పట్టిక జత చేసి మంచి పని చేశారు. మీరు పంపినదాంట్లో నాకు కావాల్సినవి రెండే వరుసలు. పోర్టు 17లో ఎన్‌క్ ఇన్ 702, సీఆర్‌సీ ఎర్ 640, దాని పక్కనే సీఆర్‌సీ జీ-ఈఓఎఫ్ కూడా 640. ఐఎస్ఎల్ పోర్టు 0లో సీఆర్‌సీ ఎర్ 388, జీ-ఈఓఎఫ్ సున్నా, ఎన్‌క్ ఇన్ సున్నా.

ఇక ఐఎస్ఎల్ జోలికి వెళ్లకండి. దాని తప్పేమీ లేదు. ఎక్కడో పాడైన ఫ్రేములు దాని మీదుగా పోయాయి, అంతే.

ఎందుకో చెప్తాను. బ్రోకేడ్ స్విచ్ ఫ్రేము మొత్తం వచ్చేదాకా ఆగదు. తల భాగంలో గమ్యం చదవగానే అవతలి పోర్టు నుంచి పంపడం మొదలుపెట్టేస్తుంది. సీఆర్‌సీ (ఫ్రేము చెడిందో లేదో సరిచూసే అంకె) ఉండేదేమో ఫ్రేము చివర్లో. అది తప్పని తెలిసేసరికి ముందు భాగం అప్పటికే బయటికి వెళ్లిపోయి ఉంటుంది, వెనక్కి లాగడం కుదరదు. అందుకని స్విచ్ ఒక పని చేస్తుంది. ఫ్రేము చివర ఉండే ఈఓఎఫ్ గుర్తును మార్చి, ‘ఇది చెడిపోయిన ఫ్రేము’ అని తెలిసేలా పంపిస్తుంది. ఆ తర్వాత దారిలో ఎన్ని స్విచ్‌లు తగిలినా, ప్రతి ఒక్కటీ దాన్ని సీఆర్‌సీ ఎర్‌లో లెక్కేస్తుంది. కానీ ఈఓఎఫ్ అప్పటికే మారిపోయింది కాబట్టి జీ-ఈఓఎఫ్‌లో మాత్రం లెక్కేయదు. జీ అంటే గుడ్. ఫ్రేము పాడైంది, చివరి గుర్తు ఇంకా బాగానే ఉంది అంటే, ఈ పాపం చేసింది ఇప్పుడే దాటి వచ్చిన లింకు. మీ పట్టికలో ఆ కాలమ్ నిండింది ఒక్క 17 దగ్గరే.

ఎన్‌క్ ఇన్ కూడా అదే సాక్ష్యం చెబుతోంది. 8జీలో ప్రతి బైటునూ పది బిట్ల గుర్తుగా మార్చి పంపుతారు. ఆ పది బిట్లలో చెల్లని కలయిక వస్తే (ఫ్రేము లోపల వచ్చినది ఎన్‌క్ ఇన్) ఎన్‌కోడింగ్ ఎర్రర్. స్విచ్ తన వైపు నుంచి పంపేటప్పుడు మళ్లీ కొత్తగా, సరిగ్గా ఎన్‌కోడ్ చేస్తుంది. అంటే సీఆర్‌సీ తప్పు ఊరంతా తిరుగుతుంది, ఎన్‌కోడింగ్ తప్పు మాత్రం పుట్టిన లింకు దాటి పోదు. ఐఎస్ఎల్ మీద ఎన్‌క్ ఇన్ సున్నా ఉన్నప్పుడే కేబుల్ మార్చే ఆలోచన మానేయాల్సింది.

640కీ 388కీ తేడా ఏమిటంటారేమో. ‘స్టోరేజ్‌లో ఎక్కువ భాగం’ రెండో స్విచ్ మీద అని మీరే రాశారు. మిగతా ఫ్రేములు మొదటి స్విచ్ మీదే ఉన్న పోర్టులకు వెళ్లి ఉంటాయి.

ఇప్పుడు పోర్టు 17 సంగతి. సీఆర్‌సీ, ఎన్‌కోడింగ్ కౌంటర్లన్నీ ఆ పోర్టు అందుకున్నవాటి లెక్క, పంపినవాటిది కాదు. స్విచ్ అందుకుంటున్నది సర్వర్ హెచ్‌బీఏ (ఫైబర్ తగిలించే కార్డు) పంపే వెలుగును. కాబట్టి అనుమానించాల్సిన వరుస హెచ్‌బీఏ లేజర్, దాని కనెక్టరు, కేబుల్లో ఆ వైపు పోగు, మధ్యలో ప్యాచ్ ప్యానెల్ ఉంటే అక్కడి రెండు కొసలు, ఆఖరున స్విచ్ ఎస్ఎఫ్‌పీ. చాలామంది చేతికి దగ్గరగా ఉంది కదా అని స్విచ్ ఎస్ఎఫ్‌పీతో మొదలుపెడతారు. దాని రిసీవర్ కూడా పాడవ్వచ్చు, కాదనను. కానీ ముందు ఎస్ఎఫ్‌పీషో 17 కొట్టి ఆర్ఎక్స్ పవర్ (అందుతున్న వెలుగు బలం) చూడండి. పక్క పోర్టులన్నీ మైనస్ 3 డీబీఎం దగ్గరుండి ఇదొక్కటే మైనస్ 9 దగ్గరుంటే వెలుగు దారిలోనే పోతోందన్నమాట. ప్రతి 3 డీబీకి వెలుగు సగం అవుతుంది. 6 తగ్గిందంటే పావు వంతే చేరుతోంది.

మొదట చేయాల్సింది తుడవడం. కేబుల్ మార్చడం కాదు, తుడవడం. ఎల్‌సీ కనెక్టరు తుడిచే క్లిక్ పెన్ను ఒకటి దొరుకుతుంది. అది లేకుండా ఫైబర్ ముట్టుకునేవాళ్లను నేను డేటా సెంటర్లోకి రానివ్వను. మల్టీమోడ్ ఫైబర్లో వెలుగు నడిచే భాగం 50 మైక్రాన్లు. కంటికి కనపడని ధూళి రేణువు చాలు దాన్ని మూయడానికి. కొత్త కేబుల్ కవరు విప్పి వేసినా సరే, తుడిచే వేయండి. చొక్కా అంచుతో తుడిచేవాళ్లను చూశాను, నోటితో ఊదేవాళ్లనూ చూశాను. రెండూ వద్దు. వెలుగు వస్తోందో లేదో అని కొసలోకి కన్ను పెట్టి చూడొద్దు. 850 నానోమీటర్ల వెలుగు కంటికి ఎలాగూ కనపడదు.

తుడిచాక స్టాట్స్‌క్లియర్ కొట్టి ఒక పూట చూడండి. అప్పటికీ పెరిగితే కేబుల్, ఆ తర్వాత హెచ్‌బీఏ ఎస్ఎఫ్‌పీ. ఒకసారికి ఒకటే మార్చాలి, మార్చిన ప్రతిసారీ కౌంటర్లు సున్నా చేయాలి. మూడూ ఒకే రాత్రి మార్చేస్తే ఎర్రర్ పోవచ్చు గానీ, బాగున్న రెండు వస్తువులు ‘పాడైనవి’ అనే డబ్బాలోకి పోతాయి. లేదంటే ఆ పాడైనదే మళ్లీ స్పేర్ల డబ్బాలోకి చేరి ఆర్నెల్ల తర్వాత ఇంకో సర్వర్‌కు తగులుకుంటుంది.

కేబుల్ అంటే గుర్తొచ్చింది. ఒక సంస్థ డేటా సెంటర్లో ఓ పోర్టు మీద ఇలాగే సీఆర్‌సీలు వచ్చేవి. ఇంజినీరు వెళ్లి ర్యాక్ ముందు నిలబడగానే ఆగిపోయేవి. అన్నీ చూసి, ఏమీ లేదని రాసి, ఇంటికెళ్లేసరికి మళ్లీ మొదలు. చివరికి తేలిందేమిటంటే, ర్యాక్ తలుపు మూసినప్పుడు దాని లోపలి అంచు ఆ ఒక్క కేబుల్‌ను కనెక్టరు దగ్గర నొక్కుతోంది. చూడ్డానికి తలుపు తీయగానే కేబుల్ సర్దుకుంటోంది. కేబుల్‌ను రెండు అంగుళాలు పక్కకు తప్పించి వెల్క్రోతో కట్టారు, సరిపోయింది. మీరూ 17 నుంచి బయల్దేరే కేబుల్‌ను చేత్తో చివరిదాకా తడుముకుంటూ వెళ్లండి. ప్లాస్టిక్ టై బిగించి కట్టేసి ఉంటే కోసేయండి.

సర్వర్ వాళ్లు కంప్లయింట్ చేయలేదన్నారు. అడిగారా? ఫైబర్ చానెల్‌లో స్టోరేజ్ ట్రాఫిక్ క్లాస్ 3 మీద నడుస్తుంది. అందులో అందినట్టు రసీదు ఉండదు. పాడైన ఫ్రేము అవతల పారేశాక, అది మోసుకెళ్తున్నది రైట్ కమాండే అయితే సర్వర్‌కు తెలిసేది టైమవుట్ అయ్యాకే. లైనక్స్‌లో స్కజీ డిస్కుకు మామూలుగా ఉండే టైమవుట్ 30 సెకన్లు. ఆ తర్వాత మళ్లీ పంపుతుంది, పని అయిపోతుంది, ఎవరూ ఫోన్ చేయరు. డేటాబేస్ మాత్రం ఆ 30 సెకన్లూ బిగుసుకుపోయి ఉంటుంది. ‘రాత్రి రెండింటప్పుడు అప్పుడప్పుడూ హ్యాంగ్ అవుతోంది, ఎందుకో తెలియదు’ అని మీ డీబీఏ గొణుగుతున్నాడేమో వెళ్లి కనుక్కోండి.

ప్రశ్న: అక్కా, మా స్విచ్‌లో ఒక పోర్టు మీద ఎన్‌క్ ఔట్ 4.3 మిలియన్ చూపిస్తోంది. మిగతా కాలమ్‌లన్నీ సున్నా, లింక్ ఫెయిల్ మాత్రం 6. అప్లికేషన్ బాగానే నడుస్తోంది. ఇంత పెద్ద అంకె చూసి మా మేనేజరు ఆ సర్వర్‌కు డౌన్‌టైమ్ అడగమంటున్నారు. — విశాఖపట్నం పాఠకురాలు

జవాబు: అడగకమ్మా. ముందు ఆ అంకె ఎప్పటినుంచి పోగైందో చూడు.

కౌంటరు అంటే కరెంటు మీటరు లాంటిది. మీటరు మీద యాభై వేలు ఉన్నంత మాత్రాన ఈ నెల బిల్లు యాభై వేలు కాదు కదా, పాత రీడింగ్ తీసేయాలి. స్విచ్ బూట్ అయిన రోజు నుంచో, ఎవరో చివరిసారి క్లియర్ చేసిన రోజు నుంచో పోగైన మొత్తం అది. స్విచ్‌అప్‌టైమ్ కొట్టి చూస్తే నాలుగేళ్లు ఉండొచ్చు.

ఎన్‌క్ ఔట్ అంటే ఫ్రేముల బయట వచ్చిన ఎన్‌కోడింగ్ తప్పులు. డేటా లేనప్పుడు కూడా లింకు మీద ఫిల్ వర్డ్‌లు నడుస్తూనే ఉంటాయి. సర్వర్ రీబూట్ అయినప్పుడు, లేజర్ ఆరి వెలిగినప్పుడు, స్పీడు కుదుర్చుకునేటప్పుడు స్విచ్‌కు వచ్చేదంతా చెత్తే. ఆ కాసేపట్లోనే లక్షల్లో పోగవుతాయి. లింక్ ఫెయిల్ 6 ఉందన్నావు. ఆ సర్వర్‌ను ఆరుసార్లో ఇంకాస్త తక్కువసార్లో ప్యాచింగ్ కోసం రీబూట్ చేసి ఉంటారు, తేదీలు కనుక్కో. స్టాట్స్‌క్లియర్ చేసి, రీబూట్ లేని వారం రోజులు వదిలెయ్. కదలకపోతే మర్చిపో. రీబూట్ లేకుండానే రోజూ పెరుగుతుంటే మాత్రం కేబులో ఎస్ఎఫ్‌పీయో చెడటం మొదలైందని అర్థం. ఇవాళ ఫ్రేముల మధ్య పడుతున్న తప్పు రేపు ఫ్రేము మీద పడుతుంది.

ఇంకొకటి. పోర్ట్‌ఎర్‌షో పెద్ద అంకెలను కుదించి చూపిస్తుంది. 4.3 మిలియన్ అని ఉన్నప్పుడు ఇంకో పదివేలు చేరినా తెరమీద 4.3 అనే ఉండొచ్చు. పెరుగుతోందా లేదా తేల్చుకోవాలంటే పోర్ట్‌స్టాట్స్‌షో చూడాలి, అందులో పూర్తి అంకె ఉంటుంది. అక్కడే ఈఆర్ బ్యాడ్ ఓఎస్ అనే వరుస కూడా ఉంటుంది. 8జీ పోర్టు మీద అది ఒక్కటే గుర్రంలా పరుగెడుతుంటే కేబుల్ జోలికి పోవద్దు. అది ఫిల్ వర్డ్ పొంతన కుదరకపోవడం. 8జీ వచ్చినప్పుడు విద్యుదయస్కాంత అలజడి తగ్గించాలని పాత ఐడిల్ స్థానంలో ఏఆర్‌బీ ఎఫ్ఎఫ్ అనే వర్డ్‌ను తెచ్చారు. స్విచ్ ఒకటి, పరికరం ఒకటి వాడుతుంటే ఆ కౌంటరు తిరుగుతుంది. పోర్ట్‌సీఎఫ్‌జీ‌ఫిల్‌వర్డ్‌తో మోడ్ మార్చాలి. మార్చినప్పుడు ఆ పోర్టు ఒకసారి పడి లేస్తుంది, అందుకని రెండో దారి బాగుందని చూసుకున్నాకే ముట్టుకో.

ప్రశ్న: నమస్తే అండీ. డాలస్‌లో స్టోరేజ్ టీమ్‌లో పనిచేస్తున్నాను. స్విచ్‌లన్నీ కలిసిన మా ఫ్యాబ్రిక్‌లో సీఆర్‌సీలు అసలు లేవు, కేబుళ్లన్నీ కొత్తవే. అయినా రోజూ తెల్లవారుజామున బ్యాకప్ సమయంలో చాలా సర్వర్లు ఒకేసారి నెమ్మదిస్తాయి. డిస్క్ సీ3 (స్విచ్ పారేసిన క్లాస్ 3 ఫ్రేములు) అనే కాలమ్ పెరుగుతోంది. స్టోరేజ్ పోర్టుల మీద సీ3 టైమవుట్ ఆర్ఎక్స్, ఒక సర్వర్ పోర్టు మీద సీ3 టైమవుట్ టీఎక్స్ కనిపిస్తున్నాయి. స్టోరేజ్ అప్‌గ్రేడ్ చేయాలని ఇక్కడ అందరి అభిప్రాయం.

జవాబు: ఆ అభిప్రాయం ఖరీదైనది. కొంచెం ఆపండి.

టీఎక్స్ అని ఉన్న ఆ ఒక్క సర్వరే మీ మనిషి. స్విచ్ ఒక ఫ్రేము పంపాలంటే అవతలివాడి దగ్గర ఖాళీ బఫర్ ఉండాలి. ఒక్కో బఫర్ ఖాళీ అయినప్పుడల్లా అవతలివాడు ఆర్-రెడీ పంపుతాడు, అప్పుడే స్విచ్‌కు ఇంకో క్రెడిట్. ఈ సర్వర్ ఆర్-రెడీలు పంపడంలో బద్ధకిస్తోంది. స్టోరేజ్ నుంచి దానికి రావాల్సిన ఫ్రేములు స్విచ్‌లోనే నిలిచిపోతున్నాయి. అరసెకను లోపు, అంటే మామూలుగా 500 మిల్లీసెకన్ల లోపు పంపలేకపోతే స్విచ్ వాటిని పారేస్తుంది. పారేసినప్పుడు రెండు చోట్ల రాసిపెడుతుంది. బయటికి పోవాల్సిన పోర్టు దగ్గర టీఎక్స్ కింద, లోపలికి వచ్చిన పోర్టు దగ్గర ఆర్ఎక్స్ కింద. మీ స్టోరేజ్ పోర్టుల మీద ఆర్ఎక్స్ కనిపిస్తోందంటే అవి బాధితులు. అవే పోర్టుల నుంచి చదువుకునే మిగతా సర్వర్ల ఫ్రేములు కూడా ఆ క్యూ వెనకాలే ఆగుతాయి. అందుకే అందరూ ఒకేసారి నెమ్మదిస్తున్నారు. దీన్నే స్లో డ్రెయిన్ అంటారు. ఇప్పుడు స్టోరేజ్ ఇంకా వేగంగా ఇస్తే ఏమవుతుంది? ఆ బద్ధకపు పోర్టు ముందు క్యూ ఇంకాస్త త్వరగా నిండుతుంది.

పోర్ట్‌స్టాట్స్‌షోలో టిమ్ టీఎక్స్‌సీఆర్‌డీ జెడ్ అనే వరుస చూడండి. పంపడానికి ఫ్రేము ఉండి, క్రెడిట్ సున్నా అయిన సమయాన్ని అది 2.5 మైక్రోసెకన్ల ముక్కలుగా లెక్కిస్తుంది. అంకె కోట్లలో ఉంటుంది, చూడగానే గుండె గుభేల్‌మంటుంది. లెక్క కట్టండి: నాలుగు లక్షలు అంటే ఒక్క సెకను. గంటలో నలభై లక్షలు పెరిగిందంటే 3,600 సెకన్లలో పది సెకన్లు ఆగింది. అంత పెద్ద విషయమేమీ కాదు. అదే బ్యాకప్ నడిచే పది నిమిషాల్లో పదహారు కోట్లు పెరిగిందనుకోండి, ఆరొందల సెకన్లలో నాలుగొందలు ఆ పోర్టు క్రెడిట్ కోసం నోరు తెరుచుకుని కూర్చుంది. ఇరవై నాలుగు గంటల మొత్తం చూస్తే ఇది తేలదు, బ్యాకప్‌కు ముందొకసారి, తర్వాతొకసారి తీయండి.

ఆ సర్వర్ హెచ్‌బీఏ 4జీయో 8జీయో అయి ఉండి, స్టోరేజ్ 16జీ అయినా ఇలాంటిదే కనిపిస్తుంది. బ్యాకప్ సర్వర్ పెద్దపెద్ద రీడ్‌లు అడిగేస్తుంది, వచ్చిపడేది మోయలేకపోతుంది. అప్పుడు మార్చాల్సింది ఆ ఒక్క హెచ్‌బీఏను, లేదా దాని క్యూ డెప్త్ (ఒకేసారి అడిగే పనుల సంఖ్య) తగ్గించాలి. వర్చువల్ మెషీన్లతో కిక్కిరిసిన హోస్టు కూడా ఆర్-రెడీలు ఆలస్యం చేయగలదు. పోర్టులను కనిపెట్టుకుని హెచ్చరించే మ్యాప్స్ లైసెన్సు ఉంటే ఐఓ ఫ్రేమ్ లాస్, ఐఓ పెర్ఫ్ ఇంపాక్ట్ అనే హెచ్చరికల్లో పోర్టు నంబరుతో సహా చెప్పే ఉంటుంది. మెయిల్లో వచ్చే ఆ హెచ్చరికలను ఫోల్డర్‌లోకి తోసే రూల్ పెట్టుకుని ఉంటే ముందు ఆ రూల్ తీసేయండి.

డిస్క్ సీ3 ఒక్కటే ఉండి టైమవుట్ కాలమ్‌లు సున్నా ఉంటే అది వేరే కథ. గమ్యం లేని ఫ్రేములు, జోన్ (మాట్లాడుకునే అనుమతి) లేనివి, లింకు పడిపోయిన క్షణంలో దారిలో ఉన్నవి కూడా అందులోకే వస్తాయి. సాధారణంగా ఏదో ఒకటి రీబూట్ అయి ఉంటుంది.

ప్రశ్న: కొత్తగా 32జీ స్విచ్‌లు వేశాం. ఎన్‌క్ ఇన్, ఎన్‌క్ ఔట్ అన్ని పోర్టుల మీదా సున్నా. కేబుళ్లు పాతవే వాడాం. అంతా శుభ్రంగా ఉన్నట్టేనా? అసలు ఎన్ని ఎర్రర్ల వరకూ పర్వాలేదు? — విజయవాడ

జవాబు: ఆ సున్నాలను నమ్మకండి. ఎన్‌క్ కౌంటర్లు 8జీ దాకా వాడిన 8బీ/10బీ పద్ధతివి. 16జీ నుంచి 64బీ/66బీ వచ్చింది, అక్కడ చూడాల్సింది పీసీఎస్ ఎర్ కాలమ్. 32జీలో ఎఫ్ఈసీ తప్పనిసరి. చిన్న బిట్ తప్పులను అదే సరిచేసేస్తుంది. పోర్ట్‌స్టాట్స్‌షోలో ఎఫ్ఈసీ సరిచేసినవి ఒక వరుస, సరిచేయలేకపోయినవి ఇంకో వరుస. మొదటిది కాస్త పెరగడం మామూలే. రెండోది పెరుగుతుంటే ఆ కేబుల్ దగ్గరికి వెళ్లాలి.

పాత కేబుళ్లంటే నాకు భయం. రంగు చూశారా? నారింజ రంగువైతే ఓఎం2 రకం ఫైబర్ అయ్యే అవకాశం ఎక్కువ. ఓఎం2 మీద 32జీకి 20 మీటర్లే. నీలి ఆకుపచ్చ రంగు ఓఎం3 అయితే 70, ఓఎం4 అయితే 100. కేబుల్ పైన అచ్చేసిన అక్షరాలు చదివి, ప్యాచ్ ప్యానెల్‌తో కలిపి పొడవు లెక్కేయండి. 8జీలో అదే ఓఎం3 150 మీటర్ల దాకా పనికొచ్చేది కాబట్టి, నిన్నటిదాకా పనిచేసింది కదా అన్న మాట ఇక్కడ చెల్లదు.

ఎన్ని వరకూ పర్వాలేదంటే, ప్రమాణం లక్ష కోట్ల బిట్లకు ఒక తప్పు దాకా ఒప్పుకుంటుంది. 8జీ లింకు సెకనుకు 850 కోట్ల బిట్లు పంపుతుంది. లెక్క కడితే రెండు నిమిషాలకో తప్పు. రోజుకు ఏడొందల పైచిలుకు! రోజుకు ఏడొందలు చూపించే లింకును నేనైతే ఒక్క పూట కూడా ఉంచను. బాగున్న లింకు దీనికన్నా ఎంతో శుభ్రంగా నడుస్తుంది. నా దృష్టిలో జీ-ఈఓఎఫ్ వారానికి సున్నా ఉండాలి. ఒకటి వచ్చిందంటే రాసిపెట్టుకుంటాను, రెండో వారం కూడా వస్తే తుడవడానికి వెళ్తాను.

ప్రశ్న: మావి సిస్కో ఎండీఎస్ స్విచ్‌లు. మీరు చెప్పే జీ-ఈఓఎఫ్ కిటుకు మాకూ పనికొస్తుందా? — వరంగల్

జవాబు: మీకు దాని అవసరం లేదు. ఎండీఎస్ ఫ్రేము మొత్తం అందుకున్నాకే ముందుకు పంపుతుంది కాబట్టి సీఆర్‌సీ తప్పిన ఫ్రేము లోపలికి వచ్చిన పోర్టు దగ్గరే ఆగిపోతుంది. ఏ పోర్టు మీద సీఆర్‌సీ కనిపిస్తే దాని అవతలి లింకే చూసుకోండి. ఇంకో సుఖం కూడా ఉంది. షో లాగింగ్ ఆన్‌బోర్డ్ ఎర్రర్-స్టాట్స్ కొడితే ఏ పోర్టు మీద ఏ కౌంటరు ఏ తేదీన ఏ సమయానికి పెరిగిందో వరుసగా వస్తుంది. బ్రోకేడ్ వాడేవాళ్లు దానికోసం రోజూ ఉదయం పట్టిక తీసి ఫైల్లో దాచుకోవాలి, చిన్న స్క్రిప్టు చాలు.